నిట్టూర్పుకు కారణమేమి?

ఇరువది ఏండ్ల క్రిందటి మాట. ఇంటర్మీడియట్ తరగతిలో ఒక ప్రబంధ ఘట్టమును బోధించుచున్నాను. నాయిక విరహతాపముతో వేడి నిట్టూర్పులు విడుచుచున్నది. నిట్టూర్పుకు కారణమేమి అని నేనే ప్రశ్న వేసి, "దుఃఖము గుండెలో పట్టక పైకి పొంగినప్పుడు వచ్చు దీర్ఘశ్వాసమే నిట్టూర్పు" అని నేనే సమాధానము చెప్పుకొన్నాను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి నిలుచున్నాడు.

"మాస్టారూ, మా తాతయ్య నిద్రలో కూడా నిట్టూరుస్తాడండీ. నిద్రలో ఆయనకు దుఃఖమేమిటండీ?"

తరగతి గొల్లుమన్నది. నేనును నవ్వినాను. "పెద్దవాళ్ల దుఃఖం నిద్రలో కూడా వదలదు నాయనా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. పాఠము ముందుకు సాగినది.

ఆ పిల్లవాడు అడిగినది సరియైన ప్రశ్న. నేను చెప్పినది సమాధానము కాదు. ప్రశ్నను కూర్చోబెట్టుటకు ఉపాధ్యాయులమైన మనము వాడు ఉపాయములలో ఒకటి. ఈ సంగతి నాకు తెలిసివచ్చుటకు చాల కాలము పట్టినది. 2016లో ఎలుకల నిట్టూర్పును గూర్చి అమెరికా శాస్త్రజ్ఞులు వెలువరించిన పరిశోధన వార్త ఒకటి నా కంటబడినది. దానిని చదువుచుండగా నాకు జ్ఞాపకము వచ్చినది నాయిక కాదు, ఆ వెనుక బల్ల. ఆ పరిశోధనకు నాయకత్వము వహించినవారిలో ఒకరు జాక్ ఫెల్డ్‌మన్. ఆయన తన జీవితములో నాలుగు దశాబ్దములకు పైగా ఒకే ప్రశ్న వెంట నడచిన మనిషి. ఆ ప్రశ్న ఇది: మనకు ఊపిరి తీయమని చెప్పుచున్నది ఎవరు?

తెలుగు బోధించువానికి ఈ గొడవ ఎందుకని పాఠకులు అనుకొనవచ్చును. అయితే ఊపిరిని గూర్చి మన భాషకున్నంత పట్టింపు తక్కువ భాషలకు ఉండును. ఊపిరి ఆడదు, ఊపిరి సలపదు, ఊపిరి బిగబట్టుదుము, ఊపిరి పీల్చుకొందుము, కొన ఊపిరితో ఉందుము. ఉసురు అనగా ఊపిరియు, ప్రాణమును. ఒకరిని బాధించినచో తగులునదియు ఉసురే. నిడు, ఊర్పు అను రెండు పదములు కలిసి నిట్టూర్పు అయినది. కుఱు, ఉసురు కలిసి కుట్టుసురు అయినది. ద్విరుక్తటకార సంధికి ఈ రెండును ఉదాహరణములని ప్రతి విద్యార్థియు వల్లె వేయును. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. పదము ఎట్లు పుట్టినదో చెప్పుచున్నాము. ఆ పదము చెప్పు వస్తువు ఎట్లు పుట్టుచున్నదో అడిగిన పిల్లవానిని మాత్రము కూర్చోబెట్టుచున్నాము.

గుండెకొక సౌకర్యము కలదు. దానిని శరీరము నుండి వేరుచేసినను కొంతసేపు తనంతట తాను కొట్టుకొనును. లయ దానిలోనే ఉన్నది. ఊపిరితిత్తులకు ఆ శక్తి లేదు. అవి గాలి తిత్తులు మాత్రమే. ఉదరవితానము క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడే వానిలోనికి గాలి వచ్చును. ఆ కండరములకు ఆజ్ఞ ఇచ్చునది నాడీమండలము. మనము మేలుకొని ఉన్నను, నిద్రపోయినను, మరచిపోయినను ఆ ఆజ్ఞ ఆగుటకు వీలు లేదు. నిమిషమునకు 15 సార్లు అనుకొన్నచో దినమునకు 21,600 సార్లు ఆ ఆజ్ఞ వెలువడవలెను.

ఆ ఆజ్ఞ ఎక్కడ పుట్టుచున్నదను విచారణ పాతదే. మెడ పైభాగమున వెన్నుపాము తెగినచో జంతువు శ్వాస నిలిచిపోవునని రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలన్ ఎరుగును. 1812లో ఫ్రాన్సు దేశస్థుడు లెగల్వా కుందేళ్లపై చేసిన ప్రయోగములను ప్రకటించినాడు. మెదడును పైనుండి పొరలు పొరలుగా తొలగించుచు వచ్చినను శ్వాస ఆగలేదు. మెదడు అడుగున, వెన్నుపాముతో కలియు మజ్జాముఖములో ఒక చిన్న ప్రదేశమును చేరగానే ఠక్కున ఆగినది. ఆలోచనకు, జ్ఞాపకమునకు నిలయమైన పై భాగమంతయు పోయినను సాగుచున్న శ్వాస, ఆ చిన్న చోటు పోగానే పోయినది. 1923లో లండనులో లమ్స్‌డెన్ పిల్లులపై పరిశోధించి, శ్వాసను నడుపు కేంద్రములు ఒకటి కాదు, కొన్ని కలవని ప్రతిపాదించినాడు. ఆ ప్రాంతము తెలిసినది. కాని ఊరు తెలిసినంత మాత్రమున ఇల్లు తెలియదు. ఆ ఊరిలో ఏ ఇంటినుండి పిలుపు వచ్చుచున్నది, ఇంటిలో ఎవరు పిలుచుచున్నారు అనునవి 20వ శతాబ్దము మూడు పాదములు గడచువరకు ప్రశ్నలుగానే మిగిలినవి.

ఫెల్డ్‌మన్ వైద్యుడు కాడు. షికాగో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము చదివి, అందులోనే డాక్టరు పట్టము పొందినాడు. పదార్థమును గూర్చి ఆలోచింప నేర్చిన బుద్ధిని ప్రాణుల వైపు త్రిప్పినాడు. మెదడు ఎట్లు పనిచేయునని అడుగుటకు ప్రారంభకునికి ఒక సులువైన ద్వారము కావలెను. ప్రేమ, జ్ఞాపకము, భాష వంటివి చేతికి అందవు. శ్వాస అందును. అది కంటికి కనబడును, లెక్కకు వచ్చును, పుట్టుక నుండి చావు వరకు విడువక సాగును. తొలుత నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములోను, తరువాత లాస్ ఏంజెలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోను ఆయన ఈ ఒక్క పనినే పట్టుకొన్నారు.

మజ్జాముఖములో శ్వాసకు సంబంధించిన కణముల గుంపు ఒకటి ఉన్నదని తేలినప్పుడు దానికి పేరు పెట్టవలసివచ్చినది. జర్మనీలో శాస్త్రజ్ఞులు కూడిన ఒక సభలో, అక్కడి ద్రాక్షసారా సీసా మీద ఉన్న పేరును ఫెల్డ్‌మన్ దానికి పెట్టినారు. ఆ పేరు బోట్సింగర్. శాస్త్రవేత్తలకు హాస్యము తెలియదనువారు ఈ నామకరణమును గుర్తుంచుకొనవలెను. ఆ తరువాత దానికి చేరువనే అంతకంటె ముఖ్యమైన చోటు ఒకటి బయటపడినది. దానికి ప్రీ బోట్సింగర్ అను పేరు వచ్చినది. మన ప్రాణమును నిమిష నిమిషము నిలుపుచున్న చోటికి సారాసీసా పేరు శాశ్వతముగా నిలిచిపోయినది.

ఆ చోటు దొరికిన విధము వినదగినది. 1984లో సుజూయె అను జపాను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడు అడుగుభాగమును, వెన్నుపామును తీసి, తగిన ద్రవములో ఉంచినచో, అందులోనుండి శ్వాసాజ్ఞలు గంటల తరబడి వెలువడుచునే ఉండునని చూపినాడు. ఊపిరితిత్తులు లేవు, గాలి లేదు, శరీరము లేదు. అయినను ఆజ్ఞ ఆగలేదు. ఫెల్డ్‌మన్, ఆయన సహచరుడు జెఫ్రీ స్మిత్ మొదలగువారు ఈ పద్ధతిని చేపట్టి, ఆ ముక్కను కొంచెము కొంచెముగా కోయుచు వచ్చినారు. ఎక్కడివరకు కోసినను లయ నిలుచుచున్నది? ఎక్కడ కోసినచో ఆగుచున్నది? చివరకు మిల్లీమీటరుకు లోపు మందముగల పలుచని బిళ్ల మిగిలినది. ఆ బిళ్లలోను లయ సాగుచునే ఉన్నది. అందులో ప్రీ బోట్సింగర్ ప్రదేశము ఉన్నది. ఈ ఫలితమును వారు 1991లో ప్రకటించినారు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. శ్వాసకు ఆరంభము పలుకు ఈ చోట ఉన్నవి కొన్ని వేలు మాత్రమే.

మన పాఠ్యపుస్తకములలో శాస్త్రజ్ఞుని కథ ఇక్కడ ముగియును. ఆయన కనుగొన్నాడు, కీర్తి పొందినాడు, మీరును అట్లే కావలెను అని ముగింతుము. నాకు నచ్చిన భాగము మాత్రము దీని తరువాతిది.

చోటు దొరికినది సరే, అక్కడ లయ ఎట్లు పుట్టుచున్నది? ఆ కాలమున చాలమంది నమ్మినది ఒక సమాధానము కలదు. ఊపిరి తీయించు కణములు కొన్ని, విడిపించు కణములు కొన్ని; ఒక జట్టు పని చేయుచుండగా రెండవ జట్టును అణచును; అది అలసినప్పుడు రెండవది లేచి మొదటిదానిని అణచును. ఏతములో ఒక కొన దిగినప్పుడు ఇంకొక కొన లేచినట్లు. చూచుటకు ముచ్చటైన సిద్ధాంతము. ఫెల్డ్‌మన్ బృందము దానిని పరీక్షకు పెట్టినది. ఒక జట్టు మరియొక జట్టును అణచు మార్గమును ద్రవములోని లవణములను మార్చి మూసివేసినారు. సిద్ధాంతము నిజమైనచో లయ ఆగవలెను. ఆగలేదు.

అప్పుడు మరియొక సమాధానము ముందుకు వచ్చినది. గుండెలో వలెనే ఇక్కడను తమంతట తాము కొట్టుకొను కణములు కొన్ని ఉండవచ్చును. అవియే తాళము వేయగా తక్కిన కణములు అనుసరించుచుండవచ్చును. 1991 నాటి పత్రములో ఫెల్డ్‌మన్ బృందము మొగ్గినది ఈ ఊహవైపే. పేరు తెచ్చిన పత్రములోని ఊహ అది. దానిని కాపాడుకొనుటకు జీవితమంతయు వాదించుచు గడపవచ్చును, గడపినవారు లేకపోలేదు. 2002లో ఆయన ప్రయోగశాల నుండియే మరియొక పత్రము వెలువడినది. ఆ కణములు తమంతట తాము కొట్టుకొనుటకు కారణమైన విద్యుత్ప్రవాహమును మందుతో ఆపిచూచినను లయ సాగుచునే ఉన్నది. కనుక లయ ఏ ఒక్క కణము సొత్తును కాకపోవచ్చును, అది గుంపు అంతటిలో పుట్టునది కావచ్చునని వారు చెప్పినారు. భజన గోష్ఠిలో తాళము ఎవరు మొదలుపెట్టినారో ఎవరికిని తెలియదు. అందరును ఒకరినొకరు వినుచుండగా తాళము కుదురును. అట్టిదే ఇదియు అని ఊహ. ఈ వాదము ఇప్పటికిని పూర్తిగా తేలలేదు.

తన సమాధానమునకు తానే ఎదురు సాక్ష్యము తెచ్చుట! దీనిని మనము ఏ నీతిపాఠములోను చెప్పము. సత్యహరిశ్చంద్రుని కథ చెప్పుదుము. కాటిలో నిలిచి సత్యము తప్పని రాజును పొగడుదుము. ప్రయోగశాలలో నిలిచి, తన పేరు నిలబెట్టిన ఊహను తన చేతనే పరీక్షకు పెట్టి, అది నిలువలేదని అచ్చు వేయించుట కూడ సత్యవ్రతమే. ఇందులో రాజ్యము పోదు. అహంకారము పోవును. రాజ్యము కంటె అది విడుచుట కష్టము.

ఇక ఈ వెదుకులాట వలన లోకమునకు ఒరిగినదేమని అడుగువారికి సమాధానము లేకపోలేదు. 1999లో ఈ చోటి ముఖ్యమైన కణములను గుర్తించుటకు ఫెల్డ్‌మన్ బృందము ఒక రసాయనిక చిహ్నమును కనుగొన్నది. నల్లమందు జాతి ఔషధములు వచ్చి అంటుకొను గ్రాహకములును ఆ కణములపై ఉన్నట్లు తేలినది. మార్ఫిన్ వంటివి మితిమీరినప్పుడు మనిషి చనిపోవుట నొప్పి చేత కాదు, శ్వాస మందగించి నిలిచిపోవుట చేత. ఎక్కడ నిలిచిపోవుచున్నదో తెలిసిననే గదా, నొప్పిని తగ్గించుచు శ్వాసను ఆపని మందును వెదకుటకు దారి తెలియునది! 2001లో ఆ కణములను చంపి చూచినప్పుడు ఎలుకల శ్వాస అదుపు తప్పినది. 2005లో తెలిసినది మరింత ఆలోచింపజేయునది. ఆ కణములు దినదినము నశించుచుండగా శ్వాస మొదట తప్పినది నిద్రలో. అందును కలలు వచ్చు నిద్రలో. మెలకువలో తప్పినది తరువాత. వయసు మీరినవారు, కొన్ని నాడీరోగములు గలవారు నిద్రలోనే కన్నుమూయుటకు ఈ కణముల క్షయము కూడ ఒక కారణము కావచ్చునని ఆయన బృందము సూచించినది. 2008లో కొన్ని కణములను కొంతసేపు మౌనము వహింపజేయగా, మెలకువగా ఉన్న ఎలుకలలోనే శ్వాస నిలిచిపోయినది. మనిషి మెదడులో ఈ ప్రదేశము ఎక్కడ కలదో 2011లో జర్మనీ పరిశోధకులు వివరించినారు.

ఇప్పుడు నిట్టూర్పు సంగతికి వత్తును. మన ఊపిరితిత్తులలో వాయుగోణులను చిన్న చిన్న గాలి బుడగలు సుమారు 50 కోట్లు ఉండును. రక్తములోనికి ప్రాణవాయువు చేరునది అక్కడనే. మామూలు శ్వాసలు సాగుచుండగా వానిలో కొన్ని ముడుచుకొని అతుకుకొనిపోవుచుండును. తడిసిన బుడగ అతుకుకొన్నప్పుడు పిల్లవాడు గట్టిగా ఊదినట్లు, వానిని తిరిగి తెరచుటకు పెద్ద శ్వాస కావలెను. అందుచేత మనిషి దాదాపు 5 నిమిషములకు ఒకసారి, తనకు తెలియకుండనే, మామూలు కంటె ఇంచుమించు రెట్టింపు గాలి పీల్చి విడుచును. అదియే నిట్టూర్పు. 2016లో ఫెల్డ్‌మన్ బృందము, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ క్రాస్నో బృందము కలిసి ఎలుకలలో దీని మూలమును చూపినవి. సుమారు 200 కణముల గుంపు ఒకటి రెండు రసాయన సందేశములను ప్రీ బోట్సింగరుకు పంపును. ఆ సందేశములు చేరినచో శ్వాస నిట్టూర్పుగా మారును. వానిని అందుకొను కణములను తీసివేసినచో మామూలు శ్వాస సాగును గాని నిట్టూర్పు మాత్రము రాదు.

కనుక ఆ తాతగారు నిద్రలో నిట్టూర్చినది దుఃఖము చేత కాదు. ఆయన ఊపిరితిత్తులు మూసికొనిపోకుండ ఆయన మెదడు కాపలా కాయుచున్నది. మనుమడు ప్రక్కన పడుకొని ఆ చప్పుడు విన్నాడు, ఆలోచించినాడు, అడిగినాడు. పరిశోధనకు మొదటి మెట్టు అదియే. ఆ మెట్టుమీద కాలుపెట్టిన పిల్లవానిని నేను క్రిందికి దింపినాను.

అయితే కవులు చెప్పినది అబద్ధమా? కాదు. దుఃఖములోను, భయములోను నిట్టూర్పులు హెచ్చుట నిజమే. శరీర రక్షణకు వచ్చు ఆ పెద్ద శ్వాసను మనసు కూడ పిలువగలదు. మనసుకు, శ్వాసకు మధ్య దారి రెండు వైపులకును నడచునని 2017లో మరియొక పరిశోధన చూపినది. ఆ చోటనే 175 కణముల గుంపు ఒకటి శ్వాస ఎట్లున్నదో మెదడులోని మెలకువ కేంద్రమునకు తెలుపుచున్నది. వానిని తొలగించినప్పుడు ఎలుకల శ్వాస చెడలేదు గాని, అవి ఆరాటము తగ్గి శాంతముగా కూర్చున్నవి. కవులు చూచినది వికసించిన పువ్వును. శాస్త్రజ్ఞులు వెదకినది వేరును. పువ్వును వర్ణించి వేరు సంగతి చెప్పితిమని తృప్తి పడుట నాబోటి ఉపాధ్యాయుని తప్పు.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఇటువంటి విషయము ఎత్తగానే, ఇదంతయు మన పూర్వులకు ఎప్పుడో తెలియునని అనువారు కలరు. దినమునకు 21,600 శ్వాసలని మన యోగశాస్త్ర సంప్రదాయము లెక్క చెప్పినది; శ్వాసను నిదానించినచో మనసు నిదానించునని ప్రాణాయామము బోధించినది. ఓపికగా గమనించినవారి మాటలవి; గౌరవింపదగినవి. కాని మనసు నిదానించునని తెలియుట వేరు, ఏ కణము ఏ కణముతో ఏమి చెప్పుటచేత నిదానించుచున్నదో తెలియుట వేరు. మొదటిది తెలిసినవారిని రెండవదియు తెలిసినవారుగా చేసి పొగడుట పూర్వులకు గౌరవము కాదు. వారు తమకు తెలిసినంత చెప్పి ఊరకున్నారు. మనము వారి నోట మన మాటలు పెట్టుచున్నాము. అంతకంటె ముఖ్యముగా, అన్నియు ముందే తెలియునని విన్న పిల్లవాడు ఇక వెదకడు. "దుఃఖము వలన" అని నేను ఇచ్చిన సమాధానము ఎట్టిదో, "మనవాళ్లకు ముందే తెలుసు" అను సమాధానమును అట్టిదే. రెండును ప్రశ్నను కూర్చోబెట్టునవే.

నన్ను కలతపెట్టు విషయము మరియొకటి కలదు. దాచిపెట్టుట న్యాయము కాదు. ఈ జ్ఞానమంతయు కుందేళ్లు, పిల్లులు, ఎలుకలు ప్రాణము పెట్టగా వచ్చినది. ఉసురు తగులునను మాటను నమ్మిన ఇంటిలో పెరిగినవాడను. ఎలుకపిల్ల మెదడును పలుచగా కోయుటను తేలికగా చదువలేను. అయినను శ్వాస తప్పిన రోగిని బ్రతికించు ప్రతి వైద్యుడును ఆ జీవుల ఋణములో ఉన్నాడు. ఆ వైద్యుని పిలుచు మనమును ఉన్నాము. ఈ పాఠము చెప్పునప్పుడు ఆ ఋణమును కూడ చెప్పవలెను. బాధను తగ్గించు నియమములు ఎందుకు కావలెనో, అవసరము లేని ప్రయోగము ఎందుకు పాపమో పిల్లలు చర్చింపవలెను. ఋణము ఎరిగినవాడే దుర్వినియోగము చేయకుండును.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. శాస్త్రజ్ఞుల జీవితములను మనము బోధించు తీరు మారవలెను. పుట్టిన తేది, కనుగొన్న విషయము, పొందిన బహుమానము అను మూడు గడులలో మనిషిని కుదించి పరీక్షకు పంపుచున్నాము. ఆయన ఎన్నేండ్లు తెలియక తిరిగినాడు, ఏ ఊహను నమ్మి మోసపోయినాడు, దానిని ఎట్లు విడిచినాడు, ఎవరి పనిమీద తన పనిని నిలిపినాడు అను విషయములు పాఠములో ఉండవలెను. అవి లేనిచో మిగులునది సమాచారము మాత్రమే. సమాచారమును నేటి పిల్లవాడు తన చేతిలోని ఫోనులో క్షణములో చూచుకొనగలడు. అందులో దొరకనిది తెలియనితనముతో నలుబది ఏండ్లు కాపురము చేయు ఓర్పు. దానిని మనమే చూపవలెను.

సిలబసు పూర్తి కావలెను, పరీక్షలు ముంచుకొచ్చుచున్నవి, ఇటువంటి వానికి వ్యవధి ఎక్కడిది అని అందురు. నేనును ముప్పది ఏండ్లుగా ఆ మాటనే అనుచుంటిని. కాని దీనికి పెద్ద వ్యవధి అక్కరలేదు. చెడుగుడు ఆడిన పిల్లవానిని పిలిచి, కూత ఎందుకు ఆగిపోయినదిరా అని అడిగిన చాలును. ప్రాణవాయువు అయిపోయినదని చెప్పును. అంతకు ముందే, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగుటచేత మెదడు ఇక చాలునని ఆజ్ఞ ఇచ్చినదని చెప్పవచ్చును. ఈ సంగతిని 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు చూపినారు. కూత పెట్టువాని పట్టుదల ఒకవైపు, మజ్జాముఖము మరొకవైపు. ఆ పోటీలో కొంతసేపు పట్టుదల గెలుచును, చివరకు మజ్జాముఖమే గెలుచును. పద్యనాటకములో రాగము తీయు నటుడు ఊపిరిని ఎక్కడ దొంగిలించుచున్నాడో గమనింపుమని చెప్పవచ్చును. ఇంటిలో నిద్రించుచున్నవారి శ్వాసలను ఒక గంట లెక్కించి, నిట్టూర్పులు ఎన్ని వచ్చినవో వ్రాసికొని రమ్మనవచ్చును. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. కాగితము, గడియారము, ఓపిక చాలును.

అన్నిటికంటె ముందు, మనకు తెలియనప్పుడు తెలియదని చెప్పవలెను. బల్లముందు నిలుచుండి ఆ ఒక్క మాట పలుకుట ఎంత కష్టమో నాకు తెలియును. గౌరవము పోవునని భయము. ఫెల్డ్‌మన్ వంటివారు లోకమంతయు చూచుచుండగా, మేము అనుకొన్నది సరికాకపోవచ్చునని అచ్చు వేయించి చెప్పినారు; వారి గౌరవము పోలేదు. నలుబదిమంది పిల్లల ఎదుట చెప్పుటకు నేను ఎందుకు జంకవలెను?

నేను ఇప్పటికిని ఆ ప్రబంధ ఘట్టమును బోధించుచున్నాను. నిట్టూర్పు వద్దకు రాగానే ఆగి, ఇది ఎందుకు వచ్చునో ఎవరికైన తెలియునా అని అడుగుదును. దుఃఖమని ఒకరు, అలసట అని ఒకరు చెప్పుదురు. నిద్రలో కూడ వచ్చునే, మరి అప్పుడో అని నేనే అడుగుదును. తరగతి నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దములో ఎవరో ఒకరు ఆలోచింప మొదలుపెట్టుట వారి ముఖములోనే కనబడును. ఆ ప్రశ్న నాది కాదనియు, మీవలెనే ఆ వెనుక బల్లమీద కూర్చున్న ఒక పిల్లవానిదనియు, ఆనాడు నేను వానికి సమాధానము చెప్పలేక కూర్చోబెట్టితిననియు వారితో చెప్పుదును.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ముప్పదియైదు ఏండ్లు దాటి ఉండును. ఈ పుట వాని కంట బడినచో ఒక మాట. నీ ప్రశ్న సరియైనది, నాయనా. సమాధానము తెలియనివాడను నేను. కూర్చోవలసినది నీవు కాదు.